అప్‌డేట్: ముందు టైర్లు లోపలి వైపే అరుగుతున్నాయని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. ముందు టైర్లు పైకి బాగానే ఉన్నా లోపలి అంచు నున్నగా అయిపోయింది, షాపువాళ్లు నాలుగూ మార్చేయమంటున్నారు, ఏం చేయాలని. ముందుగా అలైన్‌మెంట్ (చక్రాలు సరైన కోణంలో ఉన్నాయో లేదో) చూపించమన్నవాళ్లకు థాంక్స్.

వేరే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని రెండు చేతులతో అటూ ఇటూ ఊపి చూపించాడు. ఎడమవైపు టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే రాడ్ చివరి జాయింట్) లూజు! దాంతో చక్రాల ముందు భాగం కాస్త బయటికి తిరిగి, లోపలి అంచులు రోడ్డుకు రాసుకుంటున్నాయట. అలాగే కొత్త టైర్లు వేసుంటే అవీ ఇలాగే పోయేవి. అది మార్చి అలైన్‌మెంట్ చేయించాక స్టీరింగ్ పక్కకు లాగడం కూడా ఆగింది.

రెండు టైర్లు మాత్రం కొనక తప్పలేదు. లోపలి గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గిపోయింది. కొత్తవి వెనక వేయించి, వెనకవి ముందుకు తెచ్చాం. వానలో వెనక పట్టు తప్పితే బండిని నిలబెట్టుకోవడం కష్టం కాబట్టి.

ఇక నా తెలివి చూడండి: రెండేళ్లుగా బంకులో టైర్లకు గాలి 40 psi కొట్టించేస్తున్నా. డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద 33 అని ఉంది. ఇప్పుడు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూస్తున్నా.

స్టెప్నీ మీద 1217 అని ఉంది, అంటే 2017లో 12వ వారం తయారైనది. పక్కలంతా పగుళ్లు. దాని సంగతి జీతం పడ్డాక.