వైట్ బెల్ట్‌కి ఏ వీడియో కోర్సు కొంటే మంచిది?

బ్రెజిలియన్ జియు-జిట్సు అనే కుస్తీ విద్యలో వైట్ బెల్ట్‌ని, అంటే ఇంకా మొదటి మెట్టే. గీ (మందపాటి యూనిఫాం) వేసుకుని చేస్తాను. క్లాసులో చూపించినవి రోలింగ్‌కి (ప్రాక్టీసు కుస్తీకి) దిగాక ఒక్కటీ గుర్తుకు రావు. బరువైనవాళ్లు సైడ్ కంట్రోల్ పట్టారంటే (పక్కనుంచి ఛాతీ మీద పడి నొక్కిపెట్టారంటే) అంతే సంగతులు. అవతలివాళ్ల మెడకి అడ్డంగా ముంజేయి పెట్టి ఫ్రేమ్ కడతాను, తుంటి పక్కకి జరుపుతాను, మోకాలు లోపలికి దూర్చేలోపే మౌంట్ ఎక్కేస్తారు, అంటే మీదెక్కి కూర్చుంటారు. అందుకే ముందు ఎస్కేపులు (పట్టు తప్పించుకోవడం), గార్డ్ (కింద ఉండి కాళ్లతో అడ్డుకోవడం) నిలుపుకోవడం నేర్పే కోర్సు కొందామని. లెగ్ లాకులు (కాలి కీళ్లు మెలిపెట్టే పట్లు) ఇప్పుడే వద్దు, మోకాళ్లు కావాలి కదా!

కోచ్ జాన్ డనహర్ తన వీడియోల్లో ప్రతిదీ ఎందుకో విడమరిచి చెబుతాడు, కానీ ఒక్కో సెట్టూ గంటల తరబడి సాగుతుంది. ఆఫీసు నుంచి వచ్చి అంతసేపు కూర్చోవడం నావల్ల కాదేమో. గ్రేసీ కంబాటివ్స్ అనే కోర్సులో 36 టెక్నిక్‌లే, వరస బాగుంది, అయితే అది ఆత్మరక్షణ వైపు మొగ్గుతుంది. లాక్లన్ గైల్స్ అనే కోచ్ నడిపే సబ్‌మెటా సైటుది చందా పద్ధతి. క్రమం తప్పకుండా చూస్తేనే గిట్టుబాటు.

మీలో ఎవరైనా ఇవి చూసి, ఆ తేడా మ్యాట్ మీద కనిపించిందా? ధర డాలర్లలో కాబట్టి సేల్ దాకా ఆగమంటారా? డ్రిల్ చేయడానికి ఇంట్లో పార్ట్‌నర్ లేరు, అదీ దృష్టిలో పెట్టుకుని చెప్పండి.