‘అయే లొజా, ఒరున్ నిలే’ – తెలుగులో ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. ఒక చిన్న వాక్యం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

నైజీరియాలోని ఇబదాన్‌లో మేం ఐదేళ్ళు అద్దెకున్న ఇంటావిడ పోయిన నెల కాలం చేశారు. యొరుబా ఆవిడ (యొరుబా అంటే అక్కడి ఒక జాతి, వాళ్ళ భాష పేరూ అదే), వయసు 87. మొదటి ఏడాదంతా ఆవిడ అసలు పేరేమిటో నాకు తెలియదు. కవలల తల్లి కాబట్టి వీధంతా ‘ఇయా ఇబేజి’ అనే పిలిచేది. ఇయా అంటే అమ్మ, ఇబేజి అంటే కవలలు. పెద్దావిడని పేరు పెట్టి పిలవడం అక్కడ తప్పు, ‘ఫలానా వాళ్ళమ్మ’ అనడమే మర్యాద. మా ఊళ్ళోనూ అంతే కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు.

ఆవిడ జ్ఞాపకార్థం ఇంట్లోవాళ్ళు చిన్న పుస్తకం వేస్తున్నారు. కూతురు కెహిందె అక్క ఫోన్ చేసి, “అమ్మ రోజూ అనే సామెత మీ భాషలో కూడా ఒక పేజీలో ఉండాలి. మీ పిల్లలు ఆమె చేతి ముద్ద తిని పెరిగారు కదా” అంది. (కెహిందె అంటే కవలల్లో రెండోగా పుట్టిన బిడ్డ. యొరుబా లెక్కలో ఆ బిడ్డే పెద్ద. ముందు పుట్టే తైవో, లోకం ఎలా ఉందో చూసి రమ్మని పెద్దది పంపిన చిన్నది.)

సామెత ఇది: అయే లొజా, ఒరున్ నిలే.

అయే అంటే ఈ లోకం. ఒజా అంటే సంత, బజారు. ఒరున్ అంటే ఆకాశం, చనిపోయిన పెద్దలుండే చోటు కూడా. ఇలే అంటే ఇల్లు. మధ్యలో ‘ని’ అనే ముక్క ఉంది. తనకు ముందున్న మాటను నొక్కి చెబుతుంది, మన ‘ఏ’ లాగా: లోకమే సంత. ‘ఇ’ ముందు ఆ నకారం అలాగే ఉంటుంది, మిగతా అచ్చుల ముందు లకారం అవుతుంది. అందుకే ని + ఇలే ‘నిలే’, ని + ఒజా ‘లొజా’. బళ్ళో సంధులు బట్టీ పట్టినవాళ్ళకి ఇది ముచ్చటేస్తుంది. యొరుబాలో స్వరం మూడు స్థాయిల్లో పలుకుతుంది, దాన్ని మన లిపిలో చూపలేకపోతున్నాను.

ఈ మాట ఆవిడ నోట వేదాంతంలా ఉండేది కాదు. బొదిజా మార్కెట్లో నలభై ఏళ్ళు ఎలుబొ అమ్మిన మనిషి. ఎండబెట్టిన పెండలం లాంటి దుంప పిండి అది. మరిగే నీళ్ళలో పోసి తెడ్డుతో తిప్పితే ముదురు గోధుమరంగు ముద్ద అవుతుంది, అదే అమలా. మన రాగిసంకటి తిన్నవాళ్ళకి చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది. తెల్లారకముందే ఆవిడ లేచి మోకాళ్ళ మీద ప్రార్థన చేసేది. తర్వాత బస్సెక్కి మార్కెట్టుకి. మోకాళ్ళ నొప్పులొచ్చాక కూడా ఈ వరస మారలేదు.

కొలత గిన్నెను అక్కడ కొంగో అంటారు. ఆవిడ కొంగోలో పిండి పోసి, అంచు దాటి, గోపురం నిలబడేదాకా పోసేది. దాన్ని నైలాన్ సంచిలో వంచాక కుడి చెయ్యి మళ్ళీ బస్తాలోకి వెళ్ళేది. ఇంకో గుప్పెడు పడేది. ఆ గుప్పెడు పేరు ‘ఎని’. అచ్చంగా మన కొసరు. అడిగితే వేసేవాళ్ళు చాలామంది. ఆవిడ అడక్కముందే వేసేది. వేస్తూ ఎప్పుడైనా అనేది: అయే లొజా, ఒరున్ నిలే. సాయంత్రం ఇంటికి పోవాల్సినవాళ్ళమే, ఒక గుప్పెడు దగ్గర ఎందుకమ్మా అని.

మరి దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

గుంటూరు నుంచి ఒక సభ్యుడు:
“లోకం సంత, పరలోకం ఇల్లు” అంటే సరిపోతుంది కదండీ. ఆవిడ క్రైస్తవురాలిలా ఉన్నారు. మన బైబిల్లో కూడా పరలోకమే కదా.

నేను:
నేనూ మొదట అదే రాసుకున్నానండీ. ఆవిడ చర్చిలో ‘ఇయా ఇజొ’, అంటే సంఘానికి తల్లి అనే హోదాలో ఉండేది. యొరుబా బైబిల్లో కూడా ఒరున్ అనే మాటే ఉంది. బానిసగా పట్టుబడి, విడుదలై, బిషప్ అయిన సామ్యూల్ అజాయి క్రౌథర్ పనితో ఆ బైబిల్ 1884లో పూర్తిగా వచ్చింది. ఆయన కొత్త మాట పుట్టించకుండా పెద్దలుండే పాత ఒరున్‌నే తీసుకున్నాడు. కాబట్టి ఆవిడ చెల్లెలు ముస్లిం అయినా, ఇద్దరి నోటా మాట ఒకటే.

నా ఇబ్బంది ‘పర’తో. పర అంటే మనది కానిది. పరాయి, పరదేశం, పరుల సొమ్ము. సామెత చెప్పేది దానికి పూర్తిగా ఎదురు: పరాయి చోటు ఇది, మనది అది. పరలోకాన్ని ఇల్లనగానే వాక్యం తనతో తానే తగువు పడుతోంది. స్వర్గం అందామంటే అది పుణ్యానికి దొరికే బహుమానం. ఇల్లు బహుమానం కాదు కదా. మంచిగా ఉన్నా చెడ్డగా ఉన్నా సాయంత్రానికి పోయేది అక్కడికే.

పార్వతీపురం వైపు నుంచి ఒక సభ్యురాలు:
బజారు వద్దు, సంతే ఉంచండి బాబూ. బజారు రోజూ ఉంటుంది. సంత పొద్దుగూకితే ఎత్తేస్తారు. రేపొద్దున వెళ్ళి చూస్తే కూరాకు తొడిమలూ, గుంజలు పాతిన గుంతలూ తప్ప ఏం ఉండవు. మా అమ్మ చింతపండు అమ్మి వచ్చి, నెత్తిమీద బుట్ట అరుగు మీద దించి, ‘అమ్మయ్య’ అనేది. సంతలో ఎంత మంచి బేరం తగిలినా అక్కడ ఆ మాట అనేది కాదు.

నేను:
ఈ ‘అమ్మయ్య’ చదివి కాసేపు పని చేయలేకపోయానండీ. ఆవిడా బస్సు దిగొచ్చి మెట్టు మీద కూర్చుని సరిగ్గా అలాగే ఊపిరి వదిలేది.

హైదరాబాద్ నుంచి ఒక సభ్యుడు:
అన్నా, చనిపోయినవాళ్ళని సాగనంపేటప్పుడు వాళ్ళు ఏమంటారు? మన ‘వెళ్ళొస్తా’ లాంటిది ఉందా?

నేను:
ఉంది తమ్ముడూ. మామూలుగా విడిపోయేటప్పుడు ‘ఒదాబొ’ అంటారు, తిరిగొచ్చేదాకా అని. మన ‘పోతాను’ అనకూడదు, ‘వెళ్ళొస్తాను’ అనాలి లాంటిదే. పోయినవాళ్ళకి మాత్రం ‘ఒదారిన్నాకొ’ అంటారు: దారిన పోతూ ఎదురుపడేదాకా. ఇంకొకటి కూడా ఉంది. ఖననం రోజు వీడియో కాల్‌లో ఒక ముసలావిడ గొంతు వినిపించింది. “మా జొకున్, మా జెకొలొ”... రోకలిబండ పురుగును తినకు, వానపామును తినకు, అక్కడివాళ్ళు ఏం తింటే అదే వాళ్ళతో కలిసి తిను. మట్టిలోకి వెళ్తున్న మనిషికి తిండి గురించి జాగ్రత్తలు. బతికుండగా ఆవిడతో అందరూ ‘మీరు’ అనే మాట్లాడారు, ఈ పాత మాట మాత్రం ‘నువ్వు’ అంటుంది. మన ఇళ్ళలో శోకాలు కూడా అంతే కదా. ఎంతమందికో వండి పెట్టిన మనిషి ఆకలి గురించి ఎవరో ఒకరు అడగడం నేను విన్నది ఆ రోజే.

మళ్ళీ నేను, రాత్రి:
పార్వతీపురం అమ్మగారి మాట పట్టుకుని ఇలా రాశాను:

సంత ఇక్కడ, ఇల్లు అక్కడ.

‘ఒరున్’కి మాట పెట్టలేదు. మనవాళ్ళు పెద్దల గురించి చెబుతూ వేలు పైకెత్తి ‘అక్కడ’ అంటారు. ఆ అక్కడే ఇది. ‘ని’లో ఉన్న నొక్కు పోయింది, ఒప్పుకుంటున్నాను.

గుంటూరు సభ్యుడు:
బాగుందండీ, ‘పర’ గురించి మీరన్నది ఒప్పుకుంటున్నా.

నేను:
సంతోషం. ఇంకో కబురు. ఆవిడ పోయాక కెహిందె అక్కకు మనవరాలు పుట్టింది. ఎనిమిదో రోజున పేరు పెట్టారు: యెతుండె. ‘అమ్మ తిరిగొచ్చింది’ అని అర్థం. అమ్మమ్మో నాయనమ్మో తాతమ్మో పోయాక ఇంట్లో ఆడపిల్ల పుడితే ఈ పేరు పెడతారు.

హైదరాబాద్ సభ్యుడు:
ఒక డౌట్ అన్నా. ఇల్లు అక్కడైతే, ఇల్లు చేరినావిడ మళ్ళీ ఎందుకొచ్చింది?

పార్వతీపురం సభ్యురాలు:
మళ్ళీ వారం సంత ఉంటుంది కదా నాయనా.

నేను:
ఈ జవాబు కెహిందె అక్కకి ఇప్పుడే చెప్పాను, యొరుబాలోకి మార్చి. ఆ పేజీ రేపు ప్రెస్‌కి వెళ్తోంది. అచ్చుతప్పులు కనిపిస్తే పొద్దున తొమ్మిదిలోగా చెప్పండి.