కేర్ ప్లాన్లను తెర మీద దిద్దడం మేలా, కీడా?

గాజువాక సిస్టర్:
మా చెల్లెలు చదివే నర్సింగ్ కళాశాలలో ఈ సెమిస్టరు నుంచి కేర్ ప్లాన్లు (రోగి పరిస్థితి, చేయాల్సిన సేవలు రాసే పత్రాలు), కేస్ స్టడీలు స్కాన్ చేసి పంపాలట. మేడమ్‌లు వాటిని కంప్యూటరులోనే దిద్ది మార్కులు వేస్తారట. నాకిది మంచి మార్పుగానే తోస్తోంది. విశాఖలో బోధించేవారు ఏమంటారు?

మహారాణిపేట ట్యూటర్:
పద్దెనిమిదేళ్లుగా దిద్దుతున్నదాన్ని కనుక చెబుతున్నాను. కేర్ ప్లాన్ వ్యాసం కాదు, పట్టిక. మొదటి గడిలో ‘ఆయాసం, ఆక్సిజన్ 88 శాతం’ అని రాసిన అమ్మాయి, నాలుగో గడిలో రోగిని వీపు ఎత్తిపెట్టే ఫౌలర్స్ పొజిషన్‌లో కూర్చోబెట్టినట్టు రాసిందా, చివరి గడిలో ఆక్సిజన్ మళ్లీ చూసిందా అన్నదే నేను వెతికేది. కాగితం మీద అది ఒక్క చూపులో తెలుస్తుంది. తెర మీద చేతిరాత కనబడేలా పెద్దది చేస్తే రెండు గడులే మిగులుతాయి.

మర్రిపాలెం:
పేజీని అడ్డంగా తిప్పి స్కాన్ చేయమనండి.

గాజువాక సిస్టర్:
కాగితం గొప్పదనం నేనూ చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను విద్యార్థిని. స్టాఫ్ రూము అద్దాలు పగిలి, దిద్దడానికి ఇచ్చిన మా రికార్డులన్నీ తడిసి ముద్దయ్యాయి. అన్నీ మళ్లీ రాశాం.

మహారాణిపేట ట్యూటర్:
ఆ తుపాను తరువాత ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అప్పుడు మీ కంప్యూటరు ఏం దిద్దేది?

మధురవాడ బ్రదర్:
2017లో ముంబయి విశ్వవిద్యాలయం హడావుడిగా తెర మీద మూల్యాంకనం మొదలుపెట్టింది. ఫలితాలు నెలల తరబడి ఆలస్యమై, చివరికి ఉపకులపతినే తొలగించారు. అదీగాక కేర్ ప్లాన్‌లో రోగి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరిన రోగికి ఇచ్చే నంబరు) ఉంటాయి. స్కాన్ చేసే ముందు అవి తీసేయాలని ఎవరైనా చెప్పారా?

గాజువాక సిస్టర్:
రోగి వివరాల మాట నిజమే, తీసేయాల్సిందే. కానీ లక్షల జవాబుపత్రాలకూ ఒక తరగతి పిల్లల కేర్ ప్లాన్లకూ పోలిక ఏమిటి? నా కేస్ స్టడీ ఆరు వారాలకు తిరిగి వచ్చింది; దాని మీద ఒక టిక్కు, ‘13’ అన్న అంకె తప్ప ఏమీ లేదు. యాంటీబయాటిక్ కలిపి ఎక్కించిన 100 మిల్లీలీటర్ల సెలైన్‌ను నేను ఇన్‌టేక్‌లో, అంటే రోగి ఒంట్లోకి వెళ్లిన ద్రవాల లెక్కలో, కలపలేదని ఆ మేడమ్ రాయలేదు. తరువాతి పోస్టింగులోనూ అదే తప్పు చేసి, వార్డు ఇన్‌ఛార్జి చేత అందరి ముందూ చీవాట్లు తిన్నాను. కంప్యూటరులోనైతే వ్యాఖ్య రాయక తప్పదు కదా.

మహారాణిపేట ట్యూటర్:
రాయక తప్పదు, నిజమే. ఎప్పుడు రాయాలో కూడా చెప్పండి సిస్టర్ గారూ! ఉదయమంతా వార్డులో పిల్లల వెంట నిలబడాలి, మధ్యాహ్నం తరగతులు. ఇప్పుడు ఏ కేర్ ప్లాన్ ఎప్పుడు తెరిచాను, ఎన్ని నిమిషాలు చూశాను అన్నది ప్రిన్సిపాల్ గదిలో కనబడుతుందట. రాత్రి పదకొండింటికి ఇంట్లో దిద్దినా ఆ గంటలు పనిలో లెక్కకు రావు. నాలుగు నిమిషాల్లో ముగిస్తే మాత్రం సంజాయిషీ.

గాజువాక సిస్టర్:
అయితే మీ అభ్యంతరం గడుల మీద కాదన్నమాట, మేడమ్ గారూ. ఆ మాట మొదటే చెబితే నేను మీ పక్షానే మాట్లాడేదాన్ని. కానీ ఆరు వారాల ఆలస్యం ఎవరికీ కనబడకపోవడం వల్లే నాకు జవాబు దొరకలేదు.

మహారాణిపేట ట్యూటర్:
దిద్దడానికి వారానికి రెండు మధ్యాహ్నాలు వదిలితే, నిమిషాలు లెక్కపెట్టే ఆ గడియారాన్ని నేనే పెట్టించుకుంటాను. గడుల సంగతి కూడా అబద్ధం కాదు.

మర్రిపాలెం:
ఇంతకీ అడ్డంగా తిప్పి చూశారా?