యూత్ క్లాసులో "బైబిల్ అంటే ఏమిటి" అని ఎనిమిది వారాలు చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

కందుకూరు యూత్ టీచర్

అందరికీ వందనాలు. మా సంఘంలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకి ఆరాధన అయ్యాక ముప్పావుగంట క్లాసు ఉంటుంది. "బైబిల్ అంటే ఏమిటి, మనకెందుకు" అన్న అంశం మీద ఎనిమిది ఆదివారాలు చెప్పమని అయ్యగారు నాకు అప్పజెప్పారు. పిల్లలు మొహమాటం లేకుండా అడుగుతున్నారు. వాళ్ల ప్రశ్నలే ఇక్కడ పెడుతున్నా.

బైబిల్ దేవుడు రాశాడా, మనుషులు రాశారా? మధ్యలో మార్చేశారని యూట్యూబ్‌లో చెప్తున్నారు, నిజమేనా? ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్ల బైబిల్లో 73 పుస్తకాలుంటే మనకి 66 ఎందుకున్నాయి? డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసిన, ఒక వచనం రాసి ఉండే వాగ్దానం కార్డు దేవుడు నాకు విడిగా ఇచ్చిన మాటేనా? చంటిబిడ్డ దిండు కింద బైబిల్ పెడితే భయాలు పోతాయా?

"నమ్మాలి, అడక్కూడదు" అని నోరు మూయించడం నాకిష్టం లేదు. పిల్లలు తెరిచి చూసుకునేలా వచనాలతో చెప్పండి. అందరి దగ్గరా బైబిల్ సొసైటీ వాళ్ల పాత తర్జుమా ఉంది.

ఒంగోలు బైబిల్ స్టడీ

వందనాలు బ్రదర్. మొదటి ప్రశ్నకి, లేఖనం దైవావేశం వల్ల కలిగిందనే 2 తిమోతి 3:16తో మొదలుపెట్టకండి. ఆ వచనం అందరికీ కంఠతా వచ్చు, అందుకే దాని దగ్గర ఎవరూ ఆగి ఆలోచించరు. యిర్మీయా 36 తెరిపించండి. దేవుని మాట పుస్తకం ఎలా అయిందో అక్కడ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

దేవుడు యిర్మీయాకి మాట ఇస్తాడు. యిర్మీయా నోటితో చెప్తుంటే బారూకు సిరాతో చుట్టలో రాస్తాడు, సిరా సంగతి 18వ వచనంలోనే ఉంది. ఆ చుట్టని దేవాలయంలో జనానికి వినిపిస్తారు. అక్కణ్నుంచి అది రాజు దగ్గరికి పోతుంది. అది తొమ్మిదో నెల, చలికాలం. యెహోయాకీము ముందు కుంపటి మండుతోంది. యెహూది అనే అతను మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో అంతమేరా కోసి నిప్పుల్లో వేస్తాడు, చుట్టంతా కాలిపోయేదాకా. కాల్చొద్దని ముగ్గురు బతిమాలినా వినడు. చివరి వచనం పిల్లలతోనే చదివించండి. యిర్మీయా ఇంకో చుట్ట తీసుకున్నాడు, కాలిపోయిన మాటలన్నీ బారూకు మళ్లీ రాశాడు, అలాంటివే ఇంకా చాలా మాటలు వాటికి కలిశాయి.

మాట దేవుడిది. నోరు ప్రవక్తది, చెయ్యి రాయసగాడిది. రాసిన చుట్ట మాత్రం నిప్పు పెడితే కాలిపోయేదే. "దేవుడా, మనుషులా" అన్నదానికి జవాబు "ఇద్దరూ" అని పిల్లలే అంటారు. అప్పుడు, పరిశుద్ధాత్మ ప్రేరేపిస్తే మనుషులు పలికారనే 2 పేతురు 1:21, దాని తర్వాతే 2 తిమోతి 3:16.

ఇక్కడ రెండు వైపులా జారిపోయే ప్రమాదం ఉంది. దేవుడు అక్షరం అక్షరం చెవిలో చెప్తే మనుషులు రాసుకుంటూ పోయారని చెప్తే, 1 కొరింథీ 1:14-16 చూసిన రోజు పిల్లవాడు తికమకపడతాడు. అక్కడ పౌలు క్రిస్పుకి, గాయికి తప్ప ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదని రాసి, మళ్లీ గుర్తొచ్చి స్తెఫను ఇంటివాళ్లని చేర్చి, ఇంకెవరికైనా ఇచ్చానో లేదో తెలియదంటాడు. లూకా అయితే అన్నీ మొదటినుంచి విచారించి రాశానని 1:1-4లో తనే చెప్పుకున్నాడు. రోమా 16:22లో కలం పట్టిన తెర్తియు తన వందనాలు కూడా చేర్చాడు. ఇవి దాచాల్సినవి కావు. దేవుడు మనుషుల జ్ఞాపకాన్ని, పరిశోధనని, చేతిరాతని వాడుకున్నాడనడానికి ఇవే రుజువు. అలాగని "మనుషుల పుస్తకమే కదా" అనేస్తే మనల్ని ఖండించే అధికారం దానికి ఉండదు. 2 తిమోతి 3:16 చెప్పే నాలుగు పనుల్లో ఖండించడం, తప్పు దిద్దడం రెండున్నాయి. బైబిల్ విలువ ఆ పనుల్లో ఉంది బ్రదర్. మనకి నచ్చని మాట కూడా మనతో అనగలగాలి.

నెల్లూరు పాత ప్రతులు

"మార్చేశారు" అన్నవాళ్లకి జవాబు చెప్పేముందు నిజం ఒప్పుకోండి. అచ్చు లేని కాలంలో అంతా చేతిరాతే, కాబట్టి ప్రతికీ ప్రతికీ తేడాలున్నాయి. తేడాలే లేవని చెప్తే ఫోన్లో రెండు నిమిషాలు వెతికి మీ మాట తప్పని తేలుస్తారు, ఆ తర్వాత మీరేం చెప్పినా వినరు.

ఎలాంటి తేడాలో ఉదాహరణతో చూపించండి. 1947 నుంచి మృతసముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో దొరికినవాటిలో యెషయా చుట్ట ఒకటి ఉంది. పొడవు ఏడు మీటర్ల పైచిలుకు, 54 నిలువు వరసల రాత, క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నాటిదని అంచనా. అంతకుముందు పాత నిబంధన మొత్తానికి ఆధారంగా వాడిన హెబ్రీ ప్రతి 1008 నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతి. మధ్యలో వెయ్యేళ్ల పైన దూరం. పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కువ తేడాలు అక్షరక్రమంలోనే ఉన్నాయి, కొన్నిచోట్ల మాటలు మారాయి. రెండూ యెషయా గ్రంథమే, 66 అధ్యాయాల సందేశమూ అదే.

కొత్త నిబంధనలో పెద్ద తేడాలు రెండుచోట్ల ఉన్నాయి, మార్కు 16:9-20, యోహాను 7:53 నుంచి 8:11. నాలుగో శతాబ్దపు సీనాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ ఇవి లేవు. చాలా కొత్త తర్జుమాలు ఆ సంగతి పేజీ అడుగున ఉన్నదున్నట్టు చెప్తాయి. దాచే ఉద్దేశం ఉన్నవాళ్లు అలా అచ్చువేయరు. పైగా ప్రతులు ఐగుప్తులో, సిరియాలో, రోమాలో విడివిడిగా చేతులు మారాయి. అన్నిటినీ ఒకేచోట పోగేసి ఒకేలా దిద్దే అధికారం మొదటి మూడు శతాబ్దాల్లో ఎవరికీ లేదు.

అన్నట్టు, అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసింది. కొత్త నిబంధనకి ఇప్పటి వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ పెట్టినవి. వెతుక్కోవడానికి పనికొస్తాయి. కానీ ఒక వచనం దానికదే పూర్తి సందేశం అనే అలవాటు ఈ అంకెల వల్లే ముదిరింది. మీ వాగ్దానం కార్డు ప్రశ్నకి కూడా మూలం ఇదే.

ఆర్‌సీఎం చదువరి, నెల్లూరు

73 గురించి నేను చెప్తాను, నేను కతోలికుణ్ని. కొత్త నిబంధన 27 పుస్తకాలూ మీకూ మాకూ ఒక్కటే. ఆ 27 పేర్లూ 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియు రాసిన ఉత్తరంలో ఉన్నాయి. తేడా అంతా పాత నిబంధనలో. తోబీతు, యూదితు, మక్కబీయులు రెండు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా జ్ఞానగ్రంథం, బారూకు, మొత్తం ఏడు. ఇవికాక ఎస్తేరులో, దానియేలులో కొన్ని భాగాలు. యూదుల పాత గ్రీకు తర్జుమాతోపాటు ఇవి సంఘానికి అందాయి, హెబ్రీ పట్టికలో లేవు. ప్రొటెస్టెంటు సంస్కర్త లూథర్ 1534 నాటి బైబిల్ వీటిని తీసేయలేదు, విడిగా ఒకచోట పెట్టి, లేఖనాలతో సమానం కాకపోయినా చదవదగినవే అంది. మా సంఘం 1546లో ట్రెంటు సభలో వీటిని లేఖనాలుగా ఖాయం చేసింది. "వాళ్లు కలిపారు", "వీళ్లు తీసేశారు" అని పిల్లలకి చెప్పొద్దని నా మనవి. చరిత్ర అంత పొట్టిగా లేదు.

సింగరాయకొండ సిస్టర్

వాగ్దానం కార్డుల గురించి ఒక క్లాసు పూర్తిగా పెట్టండి బ్రదర్. మన సంఘాల్లో చాలామందికి బైబిల్‌తో ఉన్న సంబంధం ఏడాదికి ఆ ఒక్క కార్డే.

గోడ క్యాలెండర్ మీద, ఆటో వెనక కనిపించే యిర్మీయా 29:11 తీసుకోండి, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్నది. ముందు 28వ అధ్యాయం చదివించండి. హనన్యా అనే ప్రవక్త బబులోను రాజు పట్టుకుపోయిన దేవాలయ పాత్రలూ చెరపట్టబడినవాళ్లూ అన్నీ, అందరూ రెండేళ్లలో వెనక్కి వచ్చేస్తారని జనం ముందు చెప్పి, బబులోనుకి లోబడడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద ఉన్న కాడి తీసి విరిచేస్తాడు. జనానికి నచ్చే వాగ్దానం అది. అది అబద్ధమని దేవుడు యిర్మీయాతో చెప్పించాడు, ఆ ఏడాదే హనన్యా చనిపోయాడు. 29వ అధ్యాయం బబులోను చెరలో ఉన్నవాళ్లకి యిర్మీయా పంపిన ఉత్తరం. అక్కడ ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరగొనిపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అంటుంది. 10వ వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రాకుండానే అక్కడ కన్నుమూస్తారన్నమాట. 11వ వచనం ఆ డెబ్బై ఏళ్ల తర్వాత వస్తుంది.

ఇప్పుడు ఆ వచనం పిల్లలతో మళ్లీ చదివించండి. "ఈ ఏడాది నాకు ఉద్యోగం ఖాయం" అన్న అర్థం అందులోంచి రాదు. చెరలో కూడా దేవుడు తన ప్రజల్ని విడిచిపెట్టలేదు, మన గడువు ప్రకారం కాక తన గడువు ప్రకారం పనిచేస్తాడు అన్న అర్థం వస్తుంది. ఉద్యోగం రానివాడికి ఈ అర్థమే ఆసరా. కార్డు అర్థం పట్టుకున్నవాడు డిసెంబర్ వచ్చేసరికి దేవుడు మాట తప్పాడనుకుంటాడు. విశ్వాసం అక్కడే దెబ్బతింటుంది.

హాల్ టికెట్ మీద రాసుకునే ఫిలిప్పీ 4:13, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్నది కూడా అంతే. పైన 11, 12 చదివితే చాలు, ఆకలిలోనూ సమృద్ధిలోనూ ఉండడం నేర్చుకున్న ఖైదీ మాట అది.

కావలి నుంచి ఒక చదువరి

అక్కా, మీరు చెప్పింది సబబే, కానీ కార్డుల్ని కొట్టిపారేయకండి. చదువురాని పెద్దమ్మలు ఆ ఒక్క వచనం ఏడాదంతా నోట పట్టుకుని ప్రార్థిస్తారు. దాన్ని తక్కువ చేయకూడదు. కార్డు ఇవ్వండి, వచనం కింద అధ్యాయం అంకె పెద్దగా రాయండి. జనవరి మొదటి వారం ఇంట్లో చదువొచ్చినవాళ్లు ఆ అధ్యాయం మొత్తం గట్టిగా చదివి వినిపించాలని నియమం పెట్టండి.

వినడం తక్కువ రకం చదువు కాదు. ప్రకటన 1:3 చదివేవాణ్నీ వినేవాళ్లనీ కలిపే ధన్యులంటుంది. 1 థెస్స 5:27లో పత్రికని సహోదరులందరికీ చదివి వినిపించమని పౌలు ఆన పెట్టాడు. గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చాలామందికి అక్షరం రాదు, వాక్యం చెవినబడే వాళ్లకి చేరింది.

గట్టిగా చదివేవాళ్లు ముందురోజే ఒకసారి చూసుకోవాలి. పాత తర్జుమాలో వాక్యం నాలుగైదు వరసలు సాగుతుంది, ఊపిరి ఎక్కడ ఆపాలో తెలియకపోతే వినేవాళ్లకి ఎవరు ఎవరితో అన్నారో అర్థం కాదు. ఆపాల్సినచోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. ఒకసారికి ఇరవై నిమిషాలు దాటకండి.

ఒంగోలు బైబిల్ స్టడీ

కావలి అన్న చెప్పిన పద్ధతి బాగుంది. దిండు ప్రశ్న మిగిలింది. 1 సమూయేలు 4 చదివించండి. ఫిలిష్తీయుల చేతిలో ఓడి 4,000 మంది పోతే, మందసం, అంటే దేవుని నిబంధన పెట్టె, పక్కనుంటే గెలుస్తామని ఇశ్రాయేలీయులు దాన్ని యుద్ధానికి మోసుకొచ్చారు. ఈసారి 30,000 మంది పోయారు, మందసమూ శత్రువుల పాలైంది. దేవుడు తానే చేయించిన పెట్టెకే తాయెత్తు పని అప్పజెప్పనివ్వలేదు. బిడ్డ భయపడుతుంటే పక్కన కూర్చుని 4వ కీర్తనో 121వ కీర్తనో గట్టిగా చదవండి. రెండూ ఎనిమిదేసి వచనాలే. దిండు కింద బైబిల్ పెట్టే తల్లిని మాత్రం క్లాసులో చిన్నబుచ్చకండి, ఆమె బిడ్డ కోసమే ఆ పని చేస్తోంది.

చదివే ప్రణాళిక కూడా ఇవ్వాల్సి ఉంటుంది. 1189 అధ్యాయాలకి రోజుకి మూడు, ఆదివారం ఐదు చొప్పున ఏడాది సరిపోతుంది. లెక్క కుదురుతుంది గానీ మనిషి నిలబడడు. జనవరి నాలుగో వారంలో నిర్గమ 25, గుడారపు కొలతలు వస్తాయి, నెలాఖరుకి లేవీయకాండం. బలుల పద్ధతులు ఎందుకో తెలియకుండా చదివితే అక్కడే పుస్తకం మూసేస్తారు. కొత్తవాళ్లకి లూకా, అపొస్తలుల కార్యాలు ముందు ఇవ్వండి, 52 అధ్యాయాలూ ఒకే రచయితవి. తర్వాత ఆదికాండం, నిర్గమ 20 దాకా. అప్పుడు హెబ్రీ పత్రిక పక్కన పెట్టుకుని లేవీయకాండం 16 చదివితే అర్థం కావడం మొదలవుతుంది. ఏడాదికి కొత్త నిబంధన చాలనుకుంటే 260 అధ్యాయాలు, వారానికి ఐదు రోజులు ఒక్కొక్కటి. తప్పిన రోజుకి రెండు రోజులు ఖాళీ ఉంటాయి.

కందుకూరు యూత్ టీచర్

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క ఇబ్బంది. గుంపులో చదివేటప్పుడు రెండు వచనాలు కాగానే "ఇది నాతో ఇలా మాట్లాడింది" అని ఎవరో అందుకుంటారు, అసలు భాగం పక్కకి పోతుంది. మొదటి వారమే ఇది ఎలా ఆపాలి?

సింగరాయకొండ సిస్టర్

మొదటి వారం ఫిలేమోను పత్రిక ఇవ్వండి బ్రదర్. మొత్తం 25 వచనాలు, ఒక పుస్తకం మొదటినుంచి చివరిదాకా ఒకే విడతలో అయిపోతుంది. ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్లు బైబిల్ మూసి వినాలి. రెండోసారి తెరిచి చదవాలి. ఎవరు రాశారు, ఎక్కడినుంచి, ఎవరికి, ఏం అడుగుతున్నాడు అన్నవి తేల్చేదాకా "నాకు" అన్న మాట వద్దని ముందే చెప్పండి. 18, 19 వచనాల దగ్గర ఆగండి. ఫిలేమోను దాసుడు ఒనేసిము అతనికి ఏమైనా బాకీ ఉంటే తన లెక్కలో వేయమంటాడు పౌలు, తన చేత్తో రాస్తున్నా, నేనే తీరుస్తా అంటాడు. క్రీస్తు మనకోసం చేసింది ఇక్కడ గుర్తుకొస్తుంది, దాన్ని పిల్లల నోటినుంచే రానివ్వండి. చివరి పదిహేను నిమిషాలు "నాకు" కోసం ఉంచండి.

ఫిలేమోను ఒనేసిమును క్షమించాడా అని తప్పకుండా అడుగుతారు. ఆ పత్రికలో జవాబు లేదు, కల్పించి చెప్పకండి. ఒనేసిము పేరు ఇంకో పత్రికలో ఒక్కచోట వస్తుంది, కొలొస్సయులు 4:9. అంకె చెప్పకుండా, ఎక్కడుందో వెతికి పట్టుకోమని రెండో వారానికి పని ఇవ్వండి.