టేబుల్ అరలో పెట్టిన పీసీ వేడెక్కిపోతోంది: ఫ్యాన్లు పెంచాలా, క్యాబినెట్ మార్చాలా?

ప్రశ్న (నిజాంపేట)

అందరికీ నమస్తే. నా పీసీలో రైజెన్ 5 5600 ప్రాసెసర్ (సీపీయూ), ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ), 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె) ఉన్నాయి. సీపీయూ మీద దాని పెట్టెలో వచ్చిన కూలరే ఉంది. క్యాబినెట్‌కి ముందు గాజు ప్యానెల్, దాని వెనక 120 ఎంఎం ఆర్‌జీబీ (రంగు లైట్ల) ఫ్యాన్లు రెండు, వెనకవైపు ఒకటి. కంప్యూటర్ టేబుల్‌కి ప్లైవుడ్ అర చేయించి అందులో పెట్టాం. అరకి ముందు తలుపు ఉంది, వెనక ప్లైకి వైర్లు పోయేంత రంధ్రం మాత్రమే ఉంది. గది 36 డిగ్రీలు. గేమ్ మొదలైన అరగంటకి సీపీయూ 89, జీపీయూ 86 చూపిస్తోంది. ఫ్రేములు (సెకనుకి తెర మీద వచ్చే బొమ్మలు) పడిపోతున్నాయి, ఫ్యాన్ల చప్పుడు హాల్లోకి వినిపిస్తోంది. క్యాబినెట్ పైభాగంలో ఇంకో మూడు ఫ్యాన్లు పెట్టించుకోమని షాపులో చెప్పారు. పెట్టించమంటారా?

జవాబు (తార్నాక)

ఇప్పుడే ఏమీ కొనకండి. 5600కి దాని తయారీ సంస్థ ఏఎండీ చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 90. 3060 మామూలుగా 83 దాటితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. అందుకే ఫ్రేములు పడుతున్నాయి. అయితే ఇది ఫ్యాన్లు చాలక వచ్చిన వేడి కాకపోవచ్చు. క్యాబినెట్ బయటికి వదిలిన వేడిగాలి అరలోనే తిరిగి మళ్లీ ముందు ఫ్యాన్లలోకే వస్తూ ఉండవచ్చు. అలాంటి చోట ఎన్ని ఫ్యాన్లు పెట్టినా అదే వేడిగాలిని ఇంకా జోరుగా తిప్పుతాయి, అంతే.

లెక్క చూడండి. గేమ్‌లో జీపీయూ 170 వాట్లు, సీపీయూ 76 వాట్ల దాకా తీసుకోగలవు. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎంపీఎస్‌లో పోయేది కలిపితే ఉరామరిగా 300 వాట్లు. అదంతా గాలిలో కలవాల్సిందే. గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో తెలియాలంటే వాట్లని 1.76తో గుణించి, నిమిషానికి బయటికి పోయే గాలితో (ఘనపు అడుగుల్లో, అంటే సీఎఫ్ఎంలో) భాగించాలి. అరలోంచి నిమిషానికి 60 ఘనపు అడుగులు బయటపడితే 9 డిగ్రీలు పెరుగుతుంది. సందుల్లోంచి 20 మాత్రమే పోతే 26 డిగ్రీలు. గది 36 ఉంటే అరలో గాలి 62కి చేరుతుంది. ఫ్యాను అట్టపెట్టె మీద వేసే సీఎఫ్ఎం అంకె ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. గాజు, ఫిల్టర్, జాలీ ఉంటే అందులో సగం కూడా రాకపోవచ్చు.

ముందు కొలవండి. సీపీయూ, జీపీయూ వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితమే. చేపల తొట్టికి వాడే వైరు ఉన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి తెచ్చి, దాని కొసని క్యాబినెట్ ముందు, ఫ్యాను గాలి పీల్చే చోట టేపుతో అంటించండి. గేమ్‌లో ఒకే చోట నిలబడి 20 నిమిషాలు నడిపి, చివరి 5 నిమిషాల అంకెలు రాసుకోండి. మొదట ఉన్నది ఉన్నట్టు. తర్వాత అర తలుపు తీసి. తర్వాత పీసీని అరలోంచి పూర్తిగా బయటికి తెచ్చి. ఆ తర్వాత ముందు గాజు తీసి. చివరికి సైడ్ ప్యానెల్ కూడా తీసి. ప్రతిసారీ గది ఉష్ణోగ్రత కూడా రాయండి, లేకపోతే మధ్యాహ్నం అంకెని రాత్రి అంకెతో పోల్చి మోసపోతాం.

నిజాంపేట

కొలిచానండీ. గది అన్నిసార్లూ 36.
ఉన్నది ఉన్నట్టు: ముందు గాలి 51, సీపీయూ 89, జీపీయూ 86.
తలుపు తీస్తే: గాలి 42, సీపీయూ 81, జీపీయూ 78.
అర బయట: గాలి 37, సీపీయూ 76, జీపీయూ 73.
గాజు కూడా తీస్తే: సీపీయూ 72, జీపీయూ 67.
సైడ్ ప్యానెల్ కూడా తీస్తే: సీపీయూ 70, జీపీయూ 66.

జవాబు (తార్నాక)

జవాబు మీ అంకెల్లోనే ఉంది. అర వల్ల 13 డిగ్రీలు, గాజు వల్ల 4 నుంచి 6. గాజు తీసేశాక సైడ్ ప్యానెల్ తెరిచినా తగ్గింది ఒకటి రెండు డిగ్రీలే. అంటే దారి ఇస్తే మీకున్న మూడు ఫ్యాన్లూ సరిపోతాయి. గాజు తీశాక కూడా సైడ్ ప్యానెల్ తెరిస్తే ఏ ఎనిమిదో పదో డిగ్రీలు పడిపోయి ఉంటే, అప్పుడు ఫ్యాన్లు పెంచమనేవాణ్ని. పైన ఆ మూడూ పెట్టించవద్దు. ముఖ్యంగా పైన ముందు మూలలో బయటికి ఊదే ఫ్యాను పెడితే, ముందు నుంచి వచ్చిన చల్లగాలి సీపీయూని చేరకముందే అందులోంచి ఎగిరిపోతుంది.

ఇంకో మాట. 86 దగ్గర జీపీయూ వేగం తగ్గించుకుని ఉంది, 67 దగ్గర పూర్తి వేగంతో నడుస్తోంది. కాబట్టి అసలు లాభం ఆ 19 డిగ్రీల కన్నా ఎక్కువే.

జవాబు (ఉప్పల్)

అర సంగతి నేను చెప్తా అన్నా. అన్నిటికన్నా మంచిది వెనక ప్లై షీటు పూర్తిగా తీసేయడం. గోడకీ అరకీ నడుమ 10 నుంచి 15 సెంటీమీటర్ల జాగా ఉండాలె. ముందు తలుపు తీసేస్తే సరే, అందం కోసం ఉండాలంటే దానికి కిటికీ కోయించి జాలీ పెట్టించుండ్రి.

ఎంత పెద్దగా కోయాలంటే, 120 ఎంఎం ఫ్యానులో నడిమి బిళ్ల పోగా గాలి పోయే జాగా సుమారు 100 చదరపు సెంటీమీటర్లు ఉంటది. ముందు రెండు ఫ్యాన్లకి 200. జాలీలో రంధ్రాలు సగమే ఉంటయి కాబట్టి 400 కావాలె. 20 × 30 సెంటీమీటర్ల కిటికీ పెడితే 600 వస్తది, దుమ్ము పట్టినా ఇబ్బంది ఉండదు. కిటికీ సరిగ్గా ముందు ఫ్యాన్ల ఎదురుగ రావాలె, తలుపు నడుమ అందంగ ఉందని పైన కోస్తే పని కాదు.

చాలామంది మర్చిపోయేది ఇంకోటి ఉన్నది. క్యాబినెట్‌కీ అర గోడకీ రెండు పక్కల, పైన సందు ఉంటది కదా, వెనక వదిలిన వేడిగాలి ఆ సందులకెళ్లి ముందుకొచ్చి మళ్లీ లోపటికి పోతది. తలుపులకి అంటించే ఫోమ్ పట్టీ తెచ్చి, క్యాబినెట్ ముందు అంచు చుట్టూ ఆ సందు మూసేయండ్రి. ముందు గాలి ముందే, వెనక గాలి వెనకే. క్యాబినెట్ పక్కల ఉన్న రంధ్రాలు మాత్రం మూయొద్దు. ఎస్ఎంపీఎస్ అడుగున ఉండి గాలి కింద నుంచి పీలిస్తే, క్యాబినెట్ కాళ్ల కింద కనీసం 2 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలె. కార్పెట్ మీద పెట్టొద్దు. అదే అరల యూపీఎస్ ఉంటే బయటికి తీయండ్రి, అది కూడా వేడి వదుల్తది.

జవాబు (మల్కాజిగిరి)

గాజు విషయం. గాజుకీ క్యాబినెట్‌కీ మధ్య పక్కల సందు 8 ఎంఎం, ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకుంటే రెండు వైపులా కలిపి 64 చదరపు సెంటీమీటర్లు. ఫ్యాన్లకి కావలసింది 200. మూడో వంతు కూడా రావడం లేదు. గాజు నాలుగు మూలల స్క్రూలతో ఉంటే పొడుగు స్పేసర్లు వేసి సందుని 25 ఎంఎం చేయండి, లెక్క సరిపోతుంది. క్లిప్పులతో ఉంటే గాజు తీసేసి అయస్కాంతంతో అంటుకునే దుమ్ము ఫిల్టర్ పెట్టుకోవచ్చు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపులు ఉండే చోటు) వెళ్తే అడగండి, మీ ఫ్యాన్ల కొలత చెప్పండి. దోమల జాలీ మాత్రం వద్దు, రెండు పొరలు వేస్తే గాలి బాగా తగ్గిపోతుంది.

గాలి ఏ వైపు పోతోందో కూడా చూడండి. మోటారుని పట్టి ఉంచే అడ్డ కమ్మీలు ఉన్న వైపుకే గాలి వస్తుంది. అద్దం లోపలి ఫ్యాను అందంగా కనబడాలని తిప్పి బిగించిన క్యాబినెట్లు ఉంటాయి, అప్పుడు మూడూ బయటికే ఊదుతుంటాయి. ఒక టిష్యూ కాగితం ముందు పెడితే తెలిసిపోతుంది.

నిజాంపేట

టిష్యూ పెట్టి చూశాను, ముందువి రెండూ లోపలికే పీలుస్తున్నాయి. వెనక ప్లై తీయించేస్తాను. చప్పుడు సంగతి ఏమిటండీ? గేమ్ ఆడకపోయినా ఫ్యాన్లు పూర్తి వేగంతోనే తిరుగుతున్నాయి.

జవాబు (మల్కాజిగిరి)

ఫ్యాను వైరుకి ఎన్ని పిన్నులు? మూడు పిన్నుల ఫ్యానుని మదర్‌బోర్డులో పెట్టి, బయోస్‌లో (పీసీ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల తెరలో) ఆ కనెక్షన్ పీడబ్ల్యూఎం (నాలుగో పిన్ను ద్వారా వేగం మార్చే పద్ధతి) అని ఉంటే అది ఎప్పుడూ ఫుల్ స్పీడే. డీసీ (వోల్టేజీతో వేగం మార్చే పద్ధతి) అని మార్చండి. నాలుగు పిన్నులైతే పీడబ్ల్యూఎం ఉంచండి. ఫ్యాన్ల వైరు నేరుగా ఎస్ఎంపీఎస్‌కి పోయి ఉంటే వేగం మార్చడానికి వీలుండదు, మదర్‌బోర్డుకి మార్చాలి. ఒక కనెక్షన్‌కి స్ప్లిటర్‌తో రెండు మూడు ఫ్యాన్లు కలపొచ్చు. ఫ్యాను మీద స్టిక్కర్‌లో ఆంపియర్లు చూసి మొత్తం 1 ఆంపియర్ దాటకుండా చూసుకోండి, ఎక్కువ బోర్డుల పరిమితి అదే.

వేగానికి ఈ కొలతలతో మొదలుపెట్టండి: 40 డిగ్రీలకి 35 శాతం, 60కి 50, 75కి 75, 85కి 100. ఇందులో ఒక మెలిక ఉంది. బయోస్ మామూలుగా సీపీయూ వేడినే చూస్తుంది. గేమ్‌లో ఎక్కువ వేడి వదిలేది జీపీయూ, దాని సంగతి బయోస్‌కి పట్టదు. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో క్యాబినెట్ ఫ్యాన్లని సీపీయూ, జీపీయూలలో ఏది ఎక్కువ వేడిగా ఉంటే దాన్ని అనుసరించేలా పెట్టుకోవచ్చు. మే నెల గడిచేదాకా ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో జీపీయూ పవర్ లిమిట్ 80 శాతానికి దించండి. 34 వాట్ల వేడి అసలు పుట్టదు, పోయేది కొద్ది ఫ్రేములే.

నిజాంపేట

గదిలో వాటర్ కూలర్ ఉంది. దాని గాలి నేరుగా పీసీ వైపు తిప్పితే లాభమేనా?

జవాబు (తార్నాక)

నేరుగా వద్దండి. ఎండాకాలం పొడిగాలిలో కూలర్ గదిని చల్లబరుస్తుంది, ఆ లాభం పీసీకి ఎలాగూ అందుతుంది: లోపలికి వెళ్లే గాలి ఒక డిగ్రీ తగ్గితే సీపీయూ, జీపీయూ కూడా ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గుతాయి. కానీ ఎదురుగా పెడితే ప్యాడ్ల నుంచి సన్నని తుంపర కొట్టుకొస్తుంది. బోరు నీళ్లైతే అందులోని ఉప్పు బోర్డు మీద తెల్లగా పేరుకుంటుంది, ఆ తేమ పట్టిన దుమ్ము హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య గట్టిపడుతుంది. కూలర్ పీసీకి పక్కగా ఉండాలి, గదిలో ఒక కిటికీ తెరిచి ఉంచాలి. వానలు పడ్డాక కూలర్‌తో చల్లదనం పెద్దగా రాదు, తేమే పెరుగుతుంది.

మీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కడుతుంటే ఫిల్టర్ నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. లోపల బ్లోయర్ కొట్టేటప్పుడు ప్లగ్ తీసేసి, ఫ్యాను రెక్కలని వేలితో పట్టుకోండి. బ్లోయర్ గాలికి అవి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. సీపీయూ కూలర్ విప్పాల్సి వస్తే ముందు 10 నిమిషాలు పీసీ నడిపి, ఆపేసి, సీపీయూకీ కూలర్‌కీ మధ్య ఉండే పేస్టు వెచ్చగా ఉండగానే కూలర్‌ని అటూ ఇటూ కొద్దిగా తిప్పి తీయండి. మీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్‌లో నిట్టనిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి.