చెల్లిని పశుసంవర్ధక డిప్లొమాలో చేర్చొచ్చా? పని నిజంగా ఎలా ఉంటుంది?

చెరువుగట్టు:
అందరికీ నమస్కారం. మా చెల్లి ఈ ఏడాది పది పాసైంది. ఇంట్లో అందరూ ఇంటర్‌లో చేరమంటున్నారు, తను మాత్రం తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ కింద ఉన్న పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా చేస్తానని కూర్చుంది. మాకు గేదెలున్నాయి, చిన్నప్పటి నుంచి వాటి మధ్యే తిరిగింది కాబట్టి తనకి భయమేం లేదు, నాకే టెన్షన్. మా నాన్నమ్మయితే "ఆడపిల్ల గేదె వెనకాల నిలబడి చెయ్యి పెట్టడమేంట్రా" అని ఒకటే గొడవ. అది చదివితే చేసే పనేంటి, రోజు ఎలా గడుస్తుంది, ఎప్పటికైనా డాక్టర్ అవుతుందా, గవర్నమెంటు ఉద్యోగం రాకపోతే ఏం చేస్తారు? యూట్యూబ్‌లో చూస్తే నోటిఫికేషన్, జీతం, కటాఫ్ తప్ప పని గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఫీల్డులో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

ఒంగోలు పిల్ల:
నేను ప్రకాశం జిల్లాలో ఒక రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకురాలిని, 2019 బ్యాచ్. ముందు మీ నాన్నమ్మగారికి జవాబు. అవును, చెయ్యి పెట్టాల్సిందే, భుజం దాకా ప్లాస్టిక్ గ్లౌజు తొడుక్కుని. పనిలో సగం అదే, కృత్రిమ గర్భధారణ, అంటే ఎదకొచ్చిన పశువుకి వీర్యం ఎక్కించడం. రైతులు దాన్నే సూది అంటారు.

తెల్లారకముందే ఫోన్లు మొదలవుతాయి, "అమ్మా, మా గేదె ఎదకొచ్చింది" అని. వెంటనే బండి తియ్యం. ఎప్పటి నుంచి అరుస్తోంది, తీగ (జిగురు) వేస్తోందా, పాలు తగ్గించిందా, పోయినసారి సూది ఎప్పుడు వేయించారు, ఇవన్నీ అడగాలి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వెయ్యాలని లెక్క. ఆవులు బాగానే బయటపడతాయి. గేదెలతోనే తంటా, ఎండాకాలంలో మూగ ఎదలో ఉంటాయి, అరవవు, పక్కదాని మీదికి ఎక్కవు, రైతు కనిపెట్టేసరికి టైమ్ దాటిపోయి ఉంటుంది, చూడి కట్టకపోతే మాత్రం "ఆ పిల్లకి చేతకాలేదు" అంటారు. మూడు వారాలకి మళ్ళీ ఎదకొస్తే మళ్ళీ మనకే ఫోన్.

స్ట్రాలు, అంటే వీర్యం నింపిన సన్నటి గొట్టాలు, లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటాయి. స్ట్రాని పట్టకారుతో తీసి 37 డిగ్రీల నీళ్ళలో అర నిమిషం ఉంచి, తడి లేకుండా తుడిచి, సీలు వైపు కత్తిరించి గన్‌కి (వీర్యం లోపలికి వదిలే పొడవాటి సన్న కడ్డీ) ఎక్కించి, ఎండ తగలకుండా పట్టుకెళ్ళాలి. ఎడమచెయ్యి పేడదారిలోంచి పెట్టి, కింద ఉన్న గర్భాశయ ముఖద్వారాన్ని వేళ్ళతో వెతుక్కోవాలి. కోడిమెడ పట్టుకున్నట్టు గట్టిగా, మెలికలుగా తగులుతుంది. కళ్ళతో చూసేది ఏమీ లేదు, గన్ కొస ఆ మెలికలు దాటిందో లేదో లోపలున్న ఎడమచేతికే తెలియాలి, అప్పటిదాకా వదలకూడదు, హడావుడిగా తోస్తే లోపల గాయమవుతుంది. ఇది పుస్తకంలో రాదు, చెయ్యగా చెయ్యగా వస్తుంది. బలం సంగతంటారా, ట్రెవిస్‌లో, అంటే పశువు కదలకుండా నిలబెట్టే చట్రంలో, సరిగ్గా కడితే బలంతో పనిలేదు. నేను పొట్టి. వెనకాల ఇటుకలు పేర్చుకుని నిలబడతాను, ఇప్పుడు నా బండి కనపడగానే వాళ్ళే ఇటుకలు తెచ్చి పెడుతున్నారు.

మిగతా సగం టీకాలు. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, గొర్రెలకి వానల ముందు చిటుకు రోగం టీకా. గొర్రెలు మేతకి బయల్దేరకముందే దొడ్డి దగ్గరుండాలి, లేకపోతే ఆ రోజుకి మంద దొరకదు. థర్మాకోల్ పెట్టెలో ఐసుప్యాకులు, టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, మన ఎండల్లో అదో యుద్ధం. పైగా గాలికుంటు టీకా వేస్తే ఒకట్రెండు రోజులు పాలు తగ్గొచ్చు, అందుకని కొందరు గేదెల్ని పొలంలో దాచేస్తారు! ఆపైన చెవికి 12 అంకెల ట్యాగు, యాప్‌లో ఎంట్రీ, సిగ్నల్ లేకపోతే ఇంటికొచ్చి రాత్రి చేసుకోవడం. జంతువుల మీద ప్రేమ ఒక్కటే ఉంటే సరిపోదండి, మనుషులతో ఓపిక కావాలి.

జీతం మాకు మొదటి రెండేళ్ళు నెలకి 15 వేలు, తర్వాత స్కేలు. 2023లో 1,896 పోస్టులకి ఇంకో నోటిఫికేషన్ వచ్చింది. ఏటా వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

రిటైర్డ్ పశువైద్యుణ్ణి:
ఈ అమ్మాయి చక్కగా రాసింది. ఒక్క విషయం కలుపుతాను, ఎందుకంటే ఊళ్ళో అందరూ "డాక్టరమ్మా" అని పిలుస్తారు, పిల్లలు అదే నిజమనుకుంటారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యుడు. డిప్లొమా వాళ్ళు ప్రభుత్వం అనుమతించిన చిన్న సేవలు, అదీ డాక్టరు పర్యవేక్షణలో చెయ్యాలి. ఇది కాగితం మీది గొడవ కాదు. ఈనిన గేదె పాలజ్వరంతో మెడ పక్కకి తిప్పుకుని పడిపోతుంది, కాల్షియం ఎక్కిస్తే కళ్ళముందే లేచి నిలబడుతుంది, చూసినవాళ్ళకి ఇంతేనా అనిపిస్తుంది. అదే సీసా నరంలోకి వేగంగా వదిలితే గుండె ఆగిపోతుంది. గుండె వింటూ, చుక్కచుక్కగా ఎక్కించాలి. డాక్టర్ కావాలనుంటే ఇప్పుడే ఇంటర్ బైపీసీలో చేర్చండి, ఎంట్రన్స్ రాసి బీవీఎస్సీ అనే పశువైద్య డిగ్రీ, ఐదున్నరేళ్ళ చదువు. రెండేళ్ళ డిప్లొమా పూర్తిచేసినంత మాత్రాన డాక్టర్లు కారు. ఇది తెలిసి చేరితే మంచి పనే.

ఇంకోటి. పశువులకి గర్భం పోయేలా చేసే బ్రూసెల్లా జబ్బుకి టీకా 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకి మాత్రమే వేస్తారు. అది ప్రాణమున్న సూక్ష్మజీవితో చేసింది, సూది మన వేలికి గుచ్చుకున్నా, కంట్లో చిందినా మనకే జబ్బు. ఆ జబ్బుతో గర్భస్రావమై పడిపోయిన పిండాన్ని, మాయని ఉత్తి చేతుల్తో ముట్టుకున్నా అంతే. గ్లౌజుల విషయంలో మొహమాటం వద్దు.

ఒంగోలు పిల్ల:
సార్, మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. కానీ మా వైపు ఒకే డాక్టరుగారు పక్క మండలం కూడా చూసుకుంటారు. రాత్రి పదికి దూడ అడ్డం తిరిగిందని ఫోనొస్తే రైతుకి చట్టం చెప్పలేం కదా. డాక్టరుగారికి వీడియో కాల్ చేసి ఆయన చెప్పినంతవరకే చేస్తాం, లేదంటే 1962కి కొట్టించి అంబులెన్స్ పిలుస్తాం. అసలు తలనొప్పి ఏంటంటే, ఏ జబ్బొచ్చినా "ఓ యాంటీబయాటిక్ పొడిచెయ్యమ్మా" అని మీద పడతారు. వద్దంటే ఊళ్ళో తిరిగే అనుభవం లేని ఇంకొకడి దగ్గర పొడిపించుకుంటారు. మందు కలిసిన ఆ పాలే మళ్ళీ పాల కేంద్రానికి పోస్తారు.

క్లినిక్ కుర్రాడు:
అన్నా, గవర్నమెంటు ఉద్యోగం రాకపోతే అని అడిగినవ్ కదా, నేను హైదరాబాద్‌ల కుక్కలు పిల్లుల క్లినిక్‌ల చేస్తున్న. ఇక్కడ పని వేరే. జంతువుని పట్టుకోవడం మొదటి విద్య, డాక్టర్ సూది వేస్తున్నంత సేపు కుక్క కదలొద్దు, దానికి నొప్పి కావొద్దు, మన వేళ్ళు మిగలాలె. కాలు మీద జుట్టు గీకి క్యాన్యులా (నరంలకి పెట్టే సన్న గొట్టం) పెట్టుడు, సెలైన్ చూసుకునుడు, రక్తం తీసి మిషన్‌ల పెట్టుడు, ఎక్స్‌రేకి పడుకోబెట్టుడు, ఆపరేషన్ తర్వాత మత్తు దిగేదాక పక్కన కూర్చునుడు. పార్వో అని కుక్కలకొచ్చే వైరస్ జబ్బుంటది, దాని సీజన్‌ల అయితే నెత్తుటి విరేచనాలు, ఆ వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేవు. పార్వో కుక్కని మిగతావాటితోని కలపొద్దు, నేల బ్లీచింగ్‌తోనే కడగాలె, మామూలు ఫినాయిల్‌కి ఆ వైరస్ చావదు. జీతం ఓనర్ మీద ఆధారం, మొదట్ల తక్కువే. రాత్రి డ్యూటీలుంటయ్. డిప్లొమా ఉన్నోళ్ళకి సూది పట్టుడు ముందే వస్తది కాబట్టి త్వరగ నిలదొక్కుకుంటరు. కానీ చేరకముందే రేబిస్ టీకాలు వేయించుకోమను, కుక్క కరిచినాక కాదు, ముందే. కరిచినా మళ్ళ డోసులు పడతయ్, అది వేరే సంగతి.

డాలస్ బాబాయి:
అమెరికా ఊసెత్తి ఎవరైనా ఊరిస్తే ఒక మాట. ఇక్కడ వెటర్నరీ టెక్నీషియన్ అంటే చాలా రాష్ట్రాల్లో ఇక్కడి గుర్తింపు పొందిన కోర్సు చదివి, వీటీఎన్ఈ అనే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. మన డిప్లొమా చూపిస్తే నేరుగా ఇవ్వరు. పళ్ళు క్లీన్ చెయ్యడం, మత్తు మిషన్ చూసుకోవడం టెక్నీషియన్లే చేస్తారు, రోగనిర్ధారణ, మందు చీటీ, ఆపరేషన్ మాత్రం డాక్టరువే. ఆ ఆశతో అయితే చేర్చకండి.

చెరువుగట్టు:
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, చాలా థాంక్సండీ. రిటైర్డ్ డాక్టరుగారి మాట చెల్లికి చదివి వినిపించాను. తనకి డాక్టర్ అవ్వాలని లేదట, త్వరగా పనిలో పడాలట. ఒంగోలు అక్కా, ఒంటరిగా పల్లెల్లో తిరగడం, రాత్రుళ్ళు పిలుపులు, అవి ఎలా?

ఒంగోలు పిల్ల:
బండి నడపడం వచ్చి తీరాలి తమ్ముడూ, అది రాకపోతే ఈ ఉద్యోగమే లేదు. రాత్రి పిలుపొస్తే రైతునే వచ్చి తీసుకెళ్ళి దింపమంటాను, ఇంటి ఆడవాళ్ళని పాక దగ్గర ఉండమంటాను, ఎవరూ కాదనలేదు. మొదట్లో "మగవాళ్ళెవరూ లేరా" అని అడిగిన ఇళ్ళున్నాయి. ఇప్పుడు ఆ ఇళ్ళ కోడళ్ళే ముందు నాకు ఫోన్ చేస్తారు, మగవాళ్ళతో చెప్పడానికి సిగ్గుపడే సంగతులు, ఎద గుర్తులు, తెల్లబట్ట, నాతో అయితే విడమరిచి చెప్తారు. అప్లికేషన్ పెట్టేముందు మీ ఊరి పశువుల ఆసుపత్రికి ఒక పొద్దున చెల్లిని తీసుకెళ్ళి ట్రెవిస్ పక్కన నిలబెట్టండి, అడిగితే ఎవరూ వద్దనరు. పేడ మొహాన పడ్డా నవ్వితే చేర్చెయ్యండి. గాజులు, పెంచుకున్న గోళ్ళు మాత్రం ఇప్పుడే తీసెయ్యమనండి, గ్లౌజు చిరుగుతుంది.