‘ఒక్కేసి పువ్వేసి చందమామ’ను మూడు పూలకే ఆపేస్తే తప్పేంటి?

తంగేడుపువ్వు:
నిరుడు సద్దుల బతుకమ్మ రోజు, అంటే పండుగ ఆఖరి రోజు, మా అపార్ట్‌మెంట్‌లో జరిగిన సంగతి ఇది. ఏడాది కావస్తున్నా మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

కమిటీ వాళ్లు ముందే లిస్ట్ రాసుకున్నారు, ఒక్కో పాటకు నాలుగు నిమిషాలు. ‘ఒక్కేసి పువ్వేసి’ నేను ఎత్తుకున్నాను. మూడో పువ్వు అయిందో లేదో, ఒకామె వచ్చి మైక్ అందుకుంది. “చాలక్కా, మిగతాదంతా అదే కదా, అంకె ఒక్కటే మారుతుంది” అంది. వెంటనే స్పీకర్‌లో డీజే పాట మొదలైంది. ఆమె మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట మాత్రం సరి కాదు.

ఆ పాటలో ఏముందో చూడండి. ఒక్క పువ్వు వేస్తే ఒక్క జామాయె. శివపూజ వేళాయె, శివుడు రాకపాయె. రెండు పూలు వేస్తే రెండు జాములాయె, అయినా శివుడు రాలేదు. జాము అంటే మూడు గంటలు. మూడో పువ్వుకు తొమ్మిది గంటలైనట్టు. ఎనిమిదో పువ్వు పడేసరికి ఒక పగలూ ఒక రాత్రీ పూర్తిగా గడిచిపోతాయి. మా ఊళ్లో తొమ్మిది పూల దాకా పాడతారు. అంటే మర్నాడు మళ్లీ తెల్లవారి పొద్దెక్కినా, శివుడి కోసం చూసే ఆమె ఇంకా పూలు వేస్తూనే ఉంది. అంకె ఒక్కటే మారుతుందని తీసేశారు గానీ, ఆ పాటంతా ఉన్నది ఆ అంకెలోనే. ఎదురుచూపును మధ్యలో కోసేస్తే అది ఎదురుచూపు ఎట్లా అవుతుంది?

మా అమ్మ పాడేటప్పుడు ఆరో పువ్వు దాటాక గొంతు తగ్గించేది. ఎందుకని అడిగితే “అలిసిపోయింది కదనే పాపం” అనేది. అలిసింది తానేమో అనుకునేదాన్ని. గౌరమ్మ గురించి అంటోందని నాకు పెళ్లయ్యాక తెలిసింది.

మీరేమంటారు?

డల్లాస్ వదిన:
చెల్లె, నీ బాధ అర్థమైంది. కానీ నేను కమిటీ వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ ఆ లిస్ట్ రాసేది నేనే.

మాకు పండుగ తిథి ప్రకారం కుదరదు. దగ్గర్లో పడే శనివారం ఒక స్కూల్ హాల్ అద్దెకు తీసుకుంటాం. రాత్రి తొమ్మిదికి తాళం వేస్తారు. తంగేడు లేదు, గునుగు లేదు. దొరికిన చామంతులు, బంతులు, కొన్నిసార్లు గులాబీలతో పేరుస్తాం. నిమజ్జనానికి చెరువులో దిగనివ్వరు కాబట్టి ప్లాస్టిక్ టబ్‌లో నీళ్లు పోసి అందులోనే వదులుతాం. ఇన్ని మార్చుకున్నాం. పాటలో ఆరు పూలు తగ్గించడానికే ఎందుకు వెనకాడాలి?

ఇంకొకటి. తొమ్మిది పూలు పాడినప్పుడు ఐదో పువ్వుకే పిల్లలు వలయంలోంచి బయటికి వెళ్లి ఫోన్లు పట్టుకున్నారు. చివరికి మిగిలింది మేం నలుగురం. మూడు పూలు పాడిన ఏడాది అందరూ గొంతు కలిపారు. నలుగురు పాడే తొమ్మిది పూలు మేలా, నలభై మంది పాడే మూడు పూలు మేలా?

అసలు ఈ పాటకు ఇదీ లెక్క అని ఎక్కడుంది? మీ అమ్మ తొమ్మిది దాకా పాడింది. మా అత్తమ్మ ఐదు దగ్గర ఆపి బిందెల చరణాలు ఎత్తుకునేది. రాగి బిందె తీసుకుని రమణి నీళ్లకు పోవడం, తర్వాత వెండి బిందె, తర్వాత బంగారు బిందె. ఇంకో ఊళ్లో బిందెలే ఉండవు. పాడేవాళ్లు ఎప్పుడూ తమకు వీలైనట్టే పాడుకున్నారు. ఇప్పుడు మనం పుస్తకం పట్టుకుని ఇదే అసలుదని కూర్చుంటే పాటకే నష్టం.

హన్మకొండ ఆడబిడ్డ:
వదినా, ఆఖరి మాట మీరు చాలా కరెక్ట్‌గా చెప్పారు. పాట ఒక్క రూపంలో ఉండదు. కానీ తగ్గించింది ఎవరన్నది చూడాలి. మీ అత్తమ్మ ఐదు దగ్గర ఆపిందంటే ఎత్తుకున్న మనిషి ఆపింది. చుట్టూ తిరిగే వాళ్ల ముఖాలు చూసి, అలిసిపోయారని తెలిసి, ఇంకో కథలోకి మళ్లింది. తంగేడుపువ్వు పాటను గడియారం ఆపింది. నాకు ఆ తేడానే పెద్దది.

పూల లెక్క కన్నా నాకు స్పీకర్ మీదే అభ్యంతరం ఎక్కువ. ఎంగిలిపూల రోజు, పండుగ మొదలయ్యే రోజు, వేయిస్తంభాల గుడికి ఒక్కసారి వచ్చి చూడండి. ఒకప్పుడు పక్కపక్కనే పది వలయాలుంటే పది పాటలు వినిపించేవి. ఒక దాంట్లో ఉయ్యాలో, పక్కన దాంట్లో కోల్, ఇంకో దాంట్లో గౌరమ్మ. నడుచుకుంటూ పోతే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి పోయినట్టుండేది. ఇప్పుడు ఒక మూల పెద్ద స్పీకర్ పెడితే ఆ పదీ మూగబోతాయి. నోరు విప్పినా పక్క మనిషికి వినబడదు, అందుకే ఎవరూ విప్పరు. తర్వాత ఆడపిల్లలకు పాటలే రావని మనమే అంటాం.

బతుకమ్మ పాట కట్టిన తీరు చూడండి. ఒకరు మాట చెబుతారు, అందరూ తిరిగి అంటారు. ప్రతి ముక్క చివరా చందమామ అనో, ఉయ్యాలో అనో ఒక మాట పడుతుంది. అది అందంకోసం పెట్టిన మాట మాత్రమే కాదు. ఎత్తుకున్న ఆమె తర్వాతి ముక్క గుర్తు తెచ్చుకునేది అక్కడే, ఊపిరి తీసుకునేది అక్కడే. వంగి చప్పట్లు కొట్టేది, అడుగు పక్కకు వేసేది ఆ లెక్కలోనే. పాట రాని కోడలు కూడా రెండో చుట్టుకల్లా కలిసిపోతుంది, ఎందుకంటే ఆమెకు కావలసిన సందు పాటలోనే ఉంది. రికార్డింగ్‌లో ఆ సందును వాయిద్యంతో నింపేస్తారు. మనం పాడాల్సిన జాగాలో కీబోర్డు పాడుతుంది. మిగిలింది డాన్స్ ఒక్కటే, అది కూడా కోలాటమో దాండియానో తెలియని స్టెప్పులతో.

డప్పు అన్న:
అక్కలూ, నేను స్టేజీ ప్రోగ్రాంలకు డప్పు, ప్యాడ్స్ వాయిస్తాను. స్పీకర్ వైపు నుంచి ఒక్క మాట చెప్పనివ్వండి.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయ్యాక పెద్ద పెద్ద మైదానాల్లో ఆడటం పెరిగింది. 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో తొమ్మిది వేల మందికి పైగా మహిళలు ఒక్కసారే ఆడారు. అంతమందికి ఒక గొంతు ఎట్లా చేరుతుంది? మైక్ తప్పదు. మా ప్రోగ్రాంలకు వచ్చే కాలేజీ పిల్లల్లో చాలామందికి బతుకమ్మ పాట మొదట పరిచయమైంది యూట్యూబ్‌లోనే. కొత్త పాట విని వచ్చిన పిల్ల ఇంటికి పోయి నాయనమ్మను పాత పాట అడగడం నా కళ్లతో చూశాను. బీట్‌ను అంత తేలిగ్గా తీసేయకండి.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. రెండేళ్ల కింద ఒక ప్రోగ్రాంలో ఉయ్యాల పాట ఒకటి పాడుతున్నారు. అత్తింట్లో ఉన్న చెల్లెలు పండుగకు పుట్టింటికి పంపమని అత్తనడిగితే మామనడగమనడం, మామనడిగితే బావనడగమనడం, అట్లా సాగే కథ. నిర్వాహకులు స్పీడ్ పెంచమన్నారు, పెంచాను. పాడుతున్న ఆమె నా వైపు తిరిగి చేత్తో ‘తగ్గించు’ అని సైగ చేసింది. అప్పటిదాకా నేను మాటలు వినలేదు, నిజం చెబుతున్నాను. లెక్క మాత్రమే వింటున్నాను. తగ్గించాక మాటలు వినబడ్డాయి. ఆ పిల్ల ఒక్కొక్కరి దగ్గరికీ పోయి అడుగుతుంటే ప్రతివాళ్లూ ఇంకొకరి మీదికి తోస్తున్నారు. ఎగిరి గంతులేసే చోటు కాదది. అప్పటిదాకా పక్కన నిలబడ్డ పెద్దావిడలు వలయంలోకి వచ్చారు. వాళ్ల కాళ్లకు ఆ నడక అందింది.

అప్పటి నుంచి ప్రోగ్రాంకు ముందు పాట మాటలు ఒకసారి చెప్పించుకుంటున్నాను.

తంగేడుపువ్వు:
అన్నా, మీ మాట చదివి ఫోన్ పక్కన పెట్టి కాసేపు అట్లనే కూర్చున్నాను. పండుగకు పోలేకపోయిన ఏళ్లు గుర్తొచ్చాయి.

మైక్ వద్దని నేననను. ఎత్తుకున్న మనిషి చేతిలో మైక్ ఉంటే మంచిదే. పాట రికార్డు పెట్టి మనుషులను చుట్టూ తిప్పడమే నాకు నచ్చనిది.

వదినా, మీ లెక్కకు నా దగ్గర ఒక ఉపాయం ఉంది. పిల్లలు ఐదో పువ్వుకు వెళ్లిపోయారంటే వాళ్లకు చేసే పని లేక. మొత్తం పాట ఒక్కరే ఎత్తుకోకుండా ఒక్కో పువ్వు ఒక్కొక్కరికి ఇవ్వండి. తొమ్మిది పూలకు తొమ్మిది మంది. ఏడో పువ్వు తనదని తెలిసిన పిల్ల ఆరు పూలూ చెవులు పెట్టి వింటుంది. నిజంగానే ఒక్కో పువ్వు తెచ్చి బతుకమ్మ దగ్గర పెట్టమనండి. చిన్నప్పుడు మాకు పాట నేర్పింది ఇట్లాగే. నాకెప్పుడూ నాలుగో పువ్వే వచ్చేది, ఇప్పటికీ నాలుగు దగ్గరికి రాగానే నా గొంతు తెలియకుండా పెరుగుతుంది.

డల్లాస్ వదిన:
తొమ్మిది పూలకు ఎంత లేదన్నా పది నిమిషాలు పడుతుంది. లిస్ట్‌లోంచి ఏదో ఒకటి తీయాలి.

హన్మకొండ ఆడబిడ్డ:
డీజే పాట ఒకటి తీసేయండి వదినా, ఎవరూ అడగరు.

డల్లాస్ వదిన:
అడుగుతారు, నాకు తెలుసు. అయినా ఈసారి తీసి చూస్తాను. మిగతావాళ్లు ఒప్పుకోకపోతే ఐదు పూలకు రాజీ పడతాం, అప్పుడు మీరెవరూ నన్ను తిట్టొద్దు.

నిన్న రాత్రి మా పెద్దమ్మాయికి ఎనిమిదో పువ్వు ఇచ్చాను. దానికి పదకొండేళ్లు, జాము అంటే ఏంటని అడిగింది. మూడు గంటలని చెప్పాను. కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, “అంటే నా పువ్వు వరకు ఒక రోజంతా అయిపోయిందా? అయినా ఆయన రాలేదా?” అంది. రాలేదన్నాను. “మరి తొమ్మిదో పువ్వు ఎవరిది?” అని అడిగింది.

ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.